బీటు లేని నెలల్లో ఎరుపు

తెగులు పడ్డ వారం

వంట: బీటు ఆకు పులుసు, బీటు వేపుడు, ఎండుచేప.

ఈ తెప్పలూళ్లో పని ఉన్న ప్రతివాడూ దినచర్య రాయాలని నియమం. కాపలావాడు కెరటాల సంగతి రాస్తాడు, నీళ్లవాడు నీళ్ల సంగతి రాస్తాడు. నేను వంటవాణ్ణి గనక వంట సంగతి రాయాలి. "వంట గురించే రాయండి బుల్లెబ్బాయి గారూ, మీ గోల రాయకండి" అని మా ఊరి పెద్ద అన్నవరమ్మ గారు కిందటేడే హెచ్చరించారు. వద్దన్నారు గనకే రాస్తున్నాను.

ఇవాళ్టి గోల తెగులు. తేలే మళ్లలో సగానికి పైగా దుంపలు మెత్తబడిపోయాయి. నొక్కితే వేలు లోపలికి దిగిపోతోంది. ఒడ్డు మునిగి, మా పెద్దవాళ్లు తెప్పలెక్కిన నాటి నుంచీ ఉప్పునీటికి ఓర్చుకుని ఎదిగింది ఈ బీటు ఒక్కటే. కర్రపెండలం, బార్లీ, ఉల్లి, బెల్లం లాంటివి ఎగువ రేవు నుంచి సరుకు పడవ మీద ఎప్పుడో గాని రావు. పొద్దున బీటు, రాత్రి బీటు, పండగొస్తే బీటు హల్వా. మా పళ్లు ఎరుపు, మా గోళ్లు ఎరుపు, ఒంటేలుకు వెళితే అదీ ఎరుపే. ఇక్కడ పుట్టినవాళ్లెవరికీ అది ఇంకో రంగులో ఉంటుందనే తెలియదు.

ప్రతి మరుగుదొడ్డిలోనూ గోడకు ఒక పెట్టె ఉంటుంది. దానికొక కన్ను, ఒక గొంతు. మన ఒంట్లో ఎలా ఉందో అది చెప్పాలి. మొదట్లో దాంట్లో పరీక్ష కాగితాలుండేవట. అవి అయిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడది రంగు చూసి మాట్లాడుతుంది, అంతే. ఎరుపు కనబడితే చాలు, "రక్తమా? బీటు తిన్నారా?" అని అడిగి ప్రాణం తీసేది. ఊరంతా "బీటే తల్లీ, బీటే" అని చెప్పగా చెప్పగా దానికి బుద్ధి వచ్చింది. అడగడం మానేసింది. ఇప్పుడు "ఎరుపు. బాగుంది" అంటుంది. దానికి అలా నేర్పించుకున్నందుకు మాకు కొంచెం గర్వం కూడా ఉంది.

నా భార్య నూకరత్నం తెప్పల తాళ్లకు నల్లరంగు పూస్తుంది. ఆ రంగు లేకపోతే తాళ్లు పుచ్చిపోతాయి, తాళ్లు పోతే తెప్పలు తలో దిక్కూ పోతాయి. ఈ మధ్య పని మధ్యలో మాటిమాటికీ నిచ్చెన దిగి దొడ్డికి వస్తోందట. పక్క తెప్ప పల్లాలమ్మ వేళాకోళం చేసింది. "వేడి చేసిందిలే" అంది రత్నం. ఎండలో పనాయె. నేనూ సరేననుకుని బార్లీ నీళ్లు కాచి ఇచ్చాను.

బీటు అయిపోయిన రోజులు

వంట: ఉడకబెట్టిన కర్రపెండలం, సముద్రపు పాచి పచ్చడి. మెచ్చుకున్నవాళ్లు లేరు.

పాడైన దుంపలన్నీ పారబోశాం. మిగిలిన కాసిన్ని మంచి దుంపలనూ విత్తనానికి తీసి కొట్లో పెట్టారు. తాళం నా మొలతాడుకే ఉంది. వాటిని ముట్టుకున్నవాణ్ణి ఊరు ముట్టుకోదు, అంత పెద్ద తప్పది.

మూడు పూటలు గడిచేసరికి ఊళ్లో ఏడుపులు మొదలయ్యాయి. ఆకలితో అనుకున్నాను. కాదు. పిల్లలు దొడ్డిలోంచి కేకలు పెడుతూ బయటికి పరుగెత్తుకొస్తున్నారు. పసుపు! పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పసుపు! పెట్టెలు కూడా బెంబేలెత్తిపోయాయి. "పసుపు. జాగ్రత్త. పెద్దలకు చెప్పండి" అని తెప్ప తెప్పనా ఒకటే మోత. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని అన్నవరమ్మ గారి ముంగిట్లో బారులు కట్టారు. ఆవిడ తన చిన్నతనంలో ఒడ్డున అందరికీ పసుపేనని చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఎరుపు లేకపోతే ఒంట్లో రక్తం లేనట్టేనని ఒకాయన వాదించాడు. ఆయనకు నేను ఒక గిన్నెడు పాచి పచ్చడి ఎక్కువ వడ్డించాను.

నవ్వి నవ్వి నా పక్కలు నొప్పిపుట్టాయి. రత్నం మాత్రం అంతగా నవ్వలేదు. ఎందుకో అప్పుడు అడగలేదు.

వెతికిన రోజు

వంట: కర్రపెండలమే. వంట మీద మనసు లేదు.

పొద్దున్నే పల్లాలమ్మ మా తెప్ప మీదకొచ్చి, ఊరంతటికీ వినబడేటట్టు అడిగింది.

"మాకందరికీ పసుప్పచ్చగా వస్తంటే రత్నానికి ఎరుపు ఎలాగొచ్చిందండీ? నా చెవులారా ఇన్నాను. మీ పెట్టె 'ఎరుపు, బాగుంది' అంది. నిన్నా అంది, ఇయ్యాలా అంది. వంటాయన పెళ్లాం కదండీ మరి, ఆవిడకేం లోటు!"

మా దొడ్డి గోడా వాళ్ల దొడ్డి గోడా ఒకటే రేకు. ఆవిడ అబద్ధమాడలేదు.

జనం పోగయ్యారు. అన్నవరమ్మ గారు నా మొలతాడు నుంచి తాళం తీసుకుని కొట్టు తెరిచారు. విత్తనపు దుంపలన్నీ ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు. అయితే పంట తీసేటప్పుడే దాచుకుని ఉంటారన్నారు ఎవరో. సరే, ఇల్లు వెతుకుతామన్నారు.

రత్నం గుమ్మంలో నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "రండి, ఎతుక్కోండి. మంచం కింద చూడండి, బిందెలో చూడండి. దొరికితే నాక్కూడా ఓ ముక్క పెట్టండి, తిని చాన్నాళ్లయ్యింది" అంది.

వెతికారు. పక్కబట్టలు దులిపారు. నా పెళ్లినాటి పెట్టె కూడా తెరిచి చూశారు. వాళ్లు వెతుకుతున్నంతసేపూ నాకు ముందు కోపం వచ్చింది, తరువాత సిగ్గేసింది. ఆ తరువాత ఒళ్లు చల్లబడింది. ఈ ఊళ్లో నేను దొంగతనం చేయలేదని ఖాయంగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను పెట్టలేదు. ఇంకెక్కడా దుంప లేదు. మరి ఆ ఎరుపు దేనిది?

అప్పుడు నేను కోరుకున్నది ఇదీ: మంచం కింద ఒక్క దుంప దొరకాలి. ఊరంతా నా మొహాన ఉమ్మేసినా సరే, తెప్ప విప్పేసి సముద్రంలోకి తోసేసినా సరే. వాళ్లు ఉత్తచేతులతో బయటికొచ్చారు. "పోన్లెండి బుల్లెబ్బాయి గారూ, ఏటీ అనుకోకండి" అన్నారు అన్నవరమ్మ గారు.

అందరూ పోయాక రత్నాన్ని అడిగాను. "ఎక్కడైనా తిన్నావేమో చెప్పు. నేనేమీ అనను."

"మీరూనా?" అంది.

"తిన్నానని చెప్పవే" అని బతిమాలాను.

నా గొంతు విని దానికి కోపం పోయింది. "తినలేదండీ. నొప్పీ లేదు, మంటా లేదు. వేడికి అలాగొస్తందేమో" అంది.

తెరపి

వంట: కర్రపెండలం పులుసు, కాల్చిన చేప. ఉత్సాహంగా వండాను.

తగ్గింది! నాలుగు రోజులు పూటపూటా బార్లీ నీళ్లు పట్టించాను. రత్నానిది కూడా పసుపైపోయింది. మా పెట్టె "పసుపు. జాగ్రత్త" అని అరుస్తుంటే నాకు పండగలాగుంది. గోడ అవతల పల్లాలమ్మకు వినబడాలని తలుపు తీసి పెట్టాను.

"చూసేరా, వేడేనండీ" అంది రత్నం. వేడేనని నేనూ ఒప్పుకున్నాను. తెప్పలూళ్లన్నీ తిరిగే వైద్య ఓడ డాక్టరమ్మకు, మనిషి కనబడుతూ మాట్లాడే మాటతెర మీద కబురు పెడదామనుకున్నవాణ్ణి ఆగిపోయాను. తగ్గిపోయినదాన్ని గురించి ఏమని చెబుతాం?

ఓడ డాక్టరమ్మతో మాట్లాడిన రోజు

వంట: ఏదో వండాను.

రెండు వారాలు దాటాక మళ్లీ వచ్చింది. ఈసారి ఎరుపులో చిన్న చిన్న గడ్డలు కూడా ఉన్నాయి. పెట్టె "ఎరుపు. బాగుంది" అంది. దాని నోట్లో గుడ్డ కుక్కాను.

మాటతెర ఊరి మొత్తానికీ ఒకటే, అన్నవరమ్మ గారింట్లో ఉంటుంది. డాక్టర్ రజియా గారు కనబడ్డారు. చిన్న వయసే గానీ తొందరపడి మాట్లాడరు.

"ఎర్రగా రావడం ఎప్పటి నుంచమ్మా?" అని అడిగారు.

"పుట్టినప్పట్నుంచీ అండి" అంది రత్నం.

డాక్టరమ్మ నవ్వబోయి ఆగిపోయారు. మా తిండి సంగతి ఆవిడకు గుర్తొచ్చినట్టుంది. అప్పుడే నాకు సగం అర్థమైంది. ఎక్కడైనా మొదటి ఎర్రచుక్క కనబడగానే మనిషి హడలిపోయి వైద్యుడి దగ్గరికి పరుగెత్తుతాడు. మాకు మొదటి చుక్క ఎప్పుడు పడిందో దేవుడికే తెలియాలి. ఈ వారంలోనో, రెండేళ్ల కిందటో, ఏ బీటు హల్వా తిన్న మర్నాడో.

"నొప్పి లేకుండా రక్తం పడటమే దీనికి మొదటి గుర్తండి" అన్నారావిడ. "నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. మధ్యలో ఆగిపోతుంది, తగ్గిపోయిందనుకుంటారు. రక్తం ఆగినంత మాత్రాన లోపలున్నది పోయినట్టు కాదు. మాటిమాటికీ వెళ్లాలనిపించడం, ఆపుకోలేకపోవడం, మంట, ఇవి కొందరికి ఉంటాయి, కొందరికి ఉండవు. ఇవే గుర్తులు రాళ్లకీ, చీముకీ కూడా ఉంటాయనుకోండి. చూస్తే గాని తెలీదు. ఏం పని చేస్తారమ్మా మీరు?"

తాళ్లకు రంగని చెప్పాం. రంగు ఎక్కడిదని అడిగారు. మునిగిన ఒడ్డున పాత కార్ఖానా పీపాల్లోంచి తెచ్చుకుంటామని చెప్పాం. ఆవిడ కళ్లు మూసుకుని తెరిచారు. "ఇవాళ్టి నుంచి ముట్టుకోకండి. కొన్ని రంగుల్లో ఉండే రసాయనం ఒంట్లోకెళ్లి మూత్రపు తిత్తిలోనే నిలవుంటుంది. ఏళ్ల తరబడి నిలవుంటే అక్కడ కణితి లేవచ్చు."

"ఇప్పుడు మానేస్తే ఎనక్కెళ్లిపోద్దాండీ?" అంది రత్నం.

"వెళ్లదమ్మా."

నేను అడగాల్సింది అడిగాను. "అది కణితే అయితే ఎంత తొందరగా పెరుగుతుందండీ?"

"అందరికీ ఒకలా పెరగదండి. ఒక రకం నెమ్మది. లోపలి పొర మీద మొలిచి, ఏళ్లు గడిచినా ఆ పొర మీదే ఉండిపోతుంది. గొట్టం పెట్టి గీకి తీసేస్తాం. మళ్లీ వస్తే మళ్లీ తీస్తాం. రెండో రకం దుడుకుది. కొన్ని నెలల్లోనే తిత్తి గోడ కండలోకి దిగిపోతుంది. దిగిందంటే తిత్తినే తీసెయ్యాల్సి రావచ్చు. అదీ దాటి బయటికి పాకితే..."

"మా ఆవిడది ఏ రకం?"

"కెమెరా గొట్టం లోపలికి పంపి, చూసి, ముక్క తీస్తే గాని చెప్పలేను."

"పోనీ సుమారుగా చెప్పండి."

"సుమారుగా చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యలేనండి."

గొట్టం ఓడలో ఉంది. ఓడ ఎగువ రేవులో ఉంది. తుఫానుల కాలం దాటితే గాని లంగరు ఎత్తరు. అప్పటిదాకా రత్నానికి బీటు ముక్క కూడా పెట్టకూడదనీ, రోజూ గాజు గ్లాసులో పట్టి ఎరుపు ఎంతుందో చూసి చెబుతుండమనీ చెప్పారు. గడ్డలు అడ్డుపడి ఒంటేలు పూర్తిగా ఆగిపోతే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా పిలవమన్నారు.

ఇంటికొచ్చాక నాకు ఒకటే ఆలోచన. రత్నం అన్నం తినాలంటే గంట పడుతుంది. జడ వేసుకోవాలంటే పూట పడుతుంది. అంత నిదానమైన మనిషి ఒంట్లో పుట్టింది కూడా నిదానమైనదే అయ్యుంటుంది కదా? ఈ మాట దానితో అన్నాను.

"కోపం మట్టుకు నాకు తొందరగానే వస్తది కదండీ" అంది.

గాలుల రోజులు

వంట: పాచి, చేప. ఓడ రాలేదు.

గ్లాసు చూడటం నా మొదటి పని అయిపోయింది. వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తాను. ఒకరోజు పసుపు, ఒకరోజు గులాబి, ఒకరోజు చూడలేను. "పెళ్లయినప్పట్నుంచీ పొద్దున్నే నా మొహం చూసేవోరు. ఇప్పుడు గ్లాసు చూత్తన్నారు" అని రత్నం అలిగింది. నాకు ఏడుపొచ్చింది. వంటింట్లోకి పోయి ఉల్లిపాయలు తరిగాను.

నాకు వంట వచ్చు. ఎవరికి ఉప్పు ఎక్కువ కావాలో, ఎవరికి పులుపు పడదో చెప్పగలను. పిడికెడు పాచితో ఊరి ఆకలి తీర్చగలను. నా పక్కన పడుకున్న మనిషి కడుపులో, గుప్పెడంత తిత్తిలో ఏముందో తెలుసుకోలేను. అది ఈ పూట కూడా పెరుగుతోందా, ఊరుకుందా అని ఎవరినడగను? చెవి ఆనించి వింటే వినబడేది కాదు.

అన్నవరమ్మ గారి కాళ్లు పట్టుకున్నంత పని చేసి ఊరి మరపడవ అడిగాను. ఇచ్చారు. ఇద్దరు సరంగులు మాతో బయల్దేరారు. రాళ్లకట్ట దాటామో లేదో కెరటం పడవను ఎత్తి అడ్డంగా పడేసింది. మర ఆగిపోయింది. తాడు వేసి వెనక్కి లాక్కొచ్చారు. రత్నం జుట్టు పిండుకుంటూ, "ఓడ చూపిత్తానని తీసుకెళ్లి కెరటాలు చూపించేరు" అని నవ్వింది. సరంగుల్లో పెద్దవాడు తల ఎత్తలేకపోయాడు.

ఊరి కూటంలో ఒక మాట చెప్పాను. పంటకొక్క వారం ఊరంతా బీటు మానేద్దాం, ఎవరి రంగు వాళ్లు చూసుకుందాం, పెట్టెలకు మళ్లీ అడగడం నేర్పుదాం అన్నాను. రత్నం వెనక నుంచి, "ఆ వారానికి నా పేరెట్టకండి, బాగోదు" అంది. అందరూ నవ్వారు. పంట చేతికొచ్చాక చూద్దామన్నారు.

ఇప్పుడు మంట కూడా మొదలైంది. నడుం నొప్పి అంటోంది. కొత్త కుర్రది తాళ్లకు రంగు పూస్తోంది, అవే పీపాల్లోంచి. ఆ అమ్మాయి చేతికి తొడుగులు లేవని రత్నం తన పాత రబ్బరు తొడుగులు పట్టుకెళ్లి ఇచ్చి, నిచ్చెన దగ్గరే నిలబడి తొడిగించి వచ్చింది.

దుంప తీసిన రోజు

వంట: బీటు పులుసు, బీటు వేపుడు, బీటు హల్వా.

పంట వచ్చింది. దుంపలు గట్టిగా, నిగనిగలాడుతున్నాయి. పిల్లలు మడుల గట్ల మీద గెంతుతున్నారు. ఒక వారం మానేద్దామన్న మాట ఎవరికీ గుర్తు లేదు. ఆకలిగా ఉన్నవాళ్లకు గుర్తుచేయడానికి నాకూ నోరు రాలేదు.

డాక్టరమ్మ పొద్దున్నే మాటతెర మీదకొచ్చారు. ఇంకో వాయుగుండం పుట్టిందట. ఓడ బయల్దేరడం మళ్లీ వాయిదా పడింది. ఎన్నాళ్లకని నేను అడగలేదు. ఆవిడ గొంతులోనే వినబడింది. ఆవిడ కూడా నాలాగే అక్కడ రేవులో కూర్చుని ఉన్నారు, ఏమీ చేయలేక.

పల్లాలమ్మ మొదటి దుంప కడిగి, బీటు ఆకులో పెట్టుకుని వచ్చింది. "నా నోరు పడిపోను రత్నం, ఏటేటో అనేశాను" అని వలవలా ఏడ్చింది. పెట్టకూడదని ఆవిడకు తెలియదు పాపం. రత్నం ఆ దుంప అందుకుని వాసన చూసింది. పల్లాలమ్మ వెళ్లాక నా చేతికిచ్చింది.

"ఏవండీ, ఇయ్యాల నాకూ పెట్టండి."

"డాక్టరమ్మ వద్దన్నారు కదా. పెడితే ఏది ఏదో తెలియదు."

"అందుకేనండీ పెట్టమంటున్నాను. ఇన్నాళ్లూ పొద్దున లేచేసరికి తెలిసిపోతానే ఉంది కదా. తెలిసి ఏం చేసేం? ఓ పూట తెలీకుండా ఉండాలనుంది నాకు."

కాదనాలి. కాదనడానికి నా దగ్గర ఓడ లేదు, గొట్టం లేదు, మందు లేదు. ఇన్నాళ్లూ నేను దానికి చేసిన వైద్యమల్లా ఈ దుంప పెట్టకపోవడమే.

పెట్టాను. మా పెళ్లప్పుడు వండినట్టే బెల్లం వేసి పులుసు పెట్టాను. రెండుసార్లు అడిగి పెట్టించుకుంది. ఎప్పటిలాగే గంటసేపు తింది. పక్కనే కూర్చుని ఆఖరి ముద్ద దాకా చూశాను.

మర్నాడు

రత్నం దొడ్డిలోంచి పిలిచింది. అలవాటుగా గ్లాసు పట్టుకుని వెళ్లాను.

"గ్లాసు ఒద్దు. ఆ గుడ్డ తియ్యండి" అంది.

పెట్టె నోట్లోంచి గుడ్డ తీశాను. అది కాసేపు గరగరమని, గొంతు సవరించుకుని, ఎప్పటి మాటే చెప్పింది.

"ఎరుపు. బాగుంది."

"ఇన్నారా?" అంది రత్నం నా మొహంలోకి చూస్తూ.

"విన్నాను. బీటే" అన్నాను.

"బీటేనండి" అంది. నా చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

గోడ అవతల పల్లాలమ్మ వాళ్ల పెట్టె అదే మాట అంది. ఆ పక్క తెప్పలోదీ అంది. ఊరంతా తెప్ప తెప్పనా అదే మాట వినబడుతుంటే, మా ఎరుపు ఏదో వాళ్ల ఎరుపు ఏదో తెలియకుండా ఇద్దరం అలా నిలబడిపోయాం.

వంట: బీటు పులుసు, బీటు ఆకు వేపుడు. అందరూ తిన్నారు. ఓడ రాలేదు.